రెండున్నర పాయింట్లు

ప్రతి ఉదయం ఆటకు దిగే ముందు మేనకోడలి కుడి మణికట్టుకు పట్టీ కట్టడం మేనమామ పని. నాలుగు నెలలుగా ఆ పని ఒక్కనాడూ తప్పలేదు. ముప్పై నాలుగేళ్ళు భూములు కొలిచిన సర్వేయరు చేతులు గనుక పట్టీ బిగువులో వెంట్రుకవాసి తేడా రాదు. ఆ ఆదివారం ఉదయం మాత్రం ఒకసారి వదులై, ఒకసారి బిగుసుకుపోయి, మూడోసారికి గాని కుదరలేదు.

"ఏంటి మామయ్యా, కట్టడానికి మూడుసార్లు పట్టింది? ఇవాళ ఆడేది నేనా, నువ్వా?"

"చలిగా ఉంది."

"చలా! ముందు నుదుటి మీద చెమట తుడుచుకుని అప్పుడు చెప్పు ఆ మాట."

ఆయన చెమట తుడుచుకున్నారు గాని మాట తిరిగి చెప్పలేదు. పదిహేను కిలోల గోల్ఫు బ్యాగు భుజానికెత్తుకుని, అలవాటు ప్రకారం బరువును ఎడమకాలి మీదికి తెచ్చుకుని, ఆమె వెనక నడిచారు. కేడీ అంటే బ్యాగు మోసే మనిషి అని తెలియనివారు అనుకుంటారు. మోయడం అందులో చిన్న పని. గుంటలో నిలిపిన జెండా ఎంత దూరంలో ఉంది, నేల ఎటు వాలింది, గాలి ఎంత తినేస్తుంది, ఇవన్నీ ఆట ముందరి రోజే కాలినడకన కొలిచి పుస్తకంలో ఎక్కించుకోవడం పెద్ద పని. ఆయన పుస్తకమంత శుభ్రంగా ఆ టూరులో మరెవ్వరిదీ ఉండదు. అందుకే అక్కడ ఆయనను పేరుపెట్టి పిలిచేవారు లేరు. అందరికీ సర్వేయరు గారే.

ఊరూరా తిరిగి ఆడే ఆ ఆడవాళ్ళ గోల్ఫు టూరులో సీజనంటే ఇరవై నాలుగు పోటీలు. ఒక్కొక్కటి నాలుగు రోజులు. రెండు రోజులు గడిచేసరికి సగం మందిని ఇంటికి పంపేస్తారు. మిగిలిన ప్రతి ఒక్కరికీ, ఆఖరి స్థానం వరకు, ఎన్నో కొన్ని పాయింట్లు దక్కుతాయి. సీజను చివర ఆ పాయింట్లన్నీ కూడి జాబితా వేసి, పైనున్న అరవై మందిని ప్లే-ఆఫ్‌లకు పంపుతారు. అక్కడ మొదటి పోటీతో అరవై మంది నలభై అవుతారు, రెండోదానితో ఇరవై, మూడోదానితో ఒక్కరు. మేనకోడలి వంటివారికి ఆ ఒక్కరి గొడవ అక్కరలేదు. అరవైలో పేరుంటే చాలు, వచ్చే ఏడాదికి టూరులో చోటు ఖాయం. అరవై ఒకటో పేరైతే మళ్ళీ అర్హత పోటీల గుమ్మం తొక్కాలి, పందొమ్మిదేళ్ళ పిల్లలతో ఆరు రోజులు పోరాడాలి. ఇరవై తొమ్మిదేళ్ళ ఆ మనిషి ఆ గుమ్మం ఇప్పటికి రెండుసార్లు తొక్కింది. మూడోసారి తొక్కేది లేదని, అంతకంటే క్లబ్బు కర్రలు అటకెక్కించి పిల్లలకు ఆట నేర్పుకుంటానని కిందటేడే ఖండితంగా చెప్పేసింది.

ఇది ఇరవై నాలుగో పోటీ; నాలుగో రోజు. ఉదయం జాబితాలో ఆమె అరవై ఒకటో పేరు.

ఇదంతా అందరికీ తెలిసిన సంగతి. అందరికీ తెలియని సంగతి ఒకటుంది. పట్టీ కింద ఉన్న ఆ మణికట్టుకు ఏ జబ్బూ లేదు. ఆ సంగతి ఎరిగిన మనిషి లోకంలో సర్వేయరు ఒక్కరే.

పదకొండో పోటీ ఒక కొండ వాలు మైదానంలో జరిగింది. మూడో రోజు, ఆడవలసిన పద్దెనిమిదింటిలో పన్నెండో హోల్ దగ్గర మెట్ట ఎక్కుతుండగా ఆయన కుడి మోకాలిలో ఏదో చిటుక్కుమంది. ఆట ముగిసేసరికి మోకాలు పొంగి ప్యాంటు గుడ్డను తన్నుతోంది. కేడీకి కాలు పట్టేస్తే ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. ఆ ఒక్కరోజుకు మరొకరికి బ్యాగు అప్పగిస్తారు. ఆ మాట చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు. మరొకరి భుజానికి మారిన బ్యాగు తిరిగి తన భుజానికి వస్తుందా? మేనమామ కాబట్టి భరిస్తోంది గాని, లేకుంటే అరవై మూడేళ్ళ ముసలాణ్ణి ఎవరు పెట్టుకుంటారని వెనక నవ్వేవాళ్ళు అప్పటికే ఉన్నారు. అదే సాయంత్రం మేనకోడలు చెయ్యి విదిలిస్తూ "కొంచెం పట్టేసినట్టుంది" అంది. ఒత్తు గడ్డిలోంచి బంతిని గట్టిగా కొట్టిన ఎవరికైనా పట్టేస్తుంది, మర్నాటికి పోతుంది. ఆయన ఆ మాటను గాలికి పోనివ్వలేదు.

"మణికట్టుతో పరాచికాలు వద్దు. అరవై ఎనిమిది మందిలో అరవై ఎనిమిదో స్థానంలో ఉన్నావు. రేపు ఆడితే ఒరిగేదేముంది? తప్పుకో. సీజనంతా ముందుంది" అన్నారు.

ఆమె తప్పుకుంది. ఆఖరి స్థానంలో ముగించినా రెండున్నర పాయింట్లు వస్తాయనీ, మధ్యలో తప్పుకున్నవారికి సున్నా అనీ ఆయనకు తెలియక కాదు. రెండున్నర ఏ మూలకు అనుకున్నారు. మర్నాడు మందుల షాపులో రెండు పట్టీలు కొన్నారు. ఒకటి ఆమె మణికట్టుకు, ఒకటి ఎవరికీ కనబడకుండా తన మోకాలికి.

*

మధ్యాహ్నం ఒంటిగంటకు మేనకోడలు ఆఖరి హోల్ ముగించింది. ఆ రోజు ఆమె ఆటకు వంక పెట్టడానికి లేదు. గుంట చుట్టూ నున్నగా ఉన్న చివరి గ్రీన్ మీద పదడుగుల దూరం నుంచి బంతి నింపాదిగా వెళ్ళి, అంచున ఒక్కక్షణం ఆలోచించుకుని, లోపలికి దిగింది. ఆయన జెండా కర్రను తిరిగి గుంటలో నిలిపి, ఎవరికీ తెలియకుండా దానినే ఒక్క క్షణం ఊతగా పట్టుకున్నారు. ఆమె స్కోరుకార్డు మీద సంతకం చేయడానికి వెళ్ళింది. ఆయన కేడీల గదికి వెళ్ళారు.

గది గోడ మీది తెర మీద జాబితా దొర్లుతోంది. యాభై ఎనిమిది, యాభై తొమ్మిది, అరవై. అక్కడొక ఎర్ర గీత. గీత కింద మేనకోడలి పేరు.

గీతకు పైన అరవయ్యో పేరు పొడుగమ్మాయిది. ఆరడుగుల ఎత్తు గనుక టూరులో ఆ పేరే స్థిరపడిపోయింది. తేడా ఒకటిన్నర పాయింటు. వీళ్ళకు గంట వెనకగా మొదలుపెట్టిన పొడుగమ్మాయికి ఇంకా నాలుగు హోల్స్ మిగిలి ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఉన్న మిగతా పేర్లవారందరూ ఆట ముగించారు, లేదా శుక్రవారమే పెట్టెలు సర్దుకుని పోయారు. ఇక లెక్క ఈ ఇద్దరి మధ్యనే.

సర్వేయరు జేబులోంచి పుస్తకం తీసి పెన్సిలు మొన నాలుకకు ఆనించుకున్నారు. ఒకే స్కోరు దగ్గర నలుగురు నిలిస్తే ఆ నాలుగు స్థానాల పాయింట్లనూ కలిపి నలుగురికీ సమంగా పంచుతారు. పొడుగమ్మాయి ఈ నాలుగు హోల్స్‌లో ఒక్క దెబ్బ పోగొట్టుకుంటే, అంటే బంతిని గుంటలో వెయ్యడానికి ఒక దెబ్బ ఎక్కువ కొడితే, ఒక మెట్టు దిగి మేనకోడలి గుంపులో కలుస్తుంది. తేడా అర పాయింటుకు తగ్గుతుంది, గీత మాత్రం మారదు. రెండు దెబ్బలు పోగొట్టుకుంటే మారుతుంది. ఆయన ఆ రెండు అంకెలూ వేశారు. మూడో అంకె వెయ్యకూడదనుకుంటూనే వేశారు. ఒకటిన్నరకు ఎదురుగా రెండున్నర. ఆ పదకొండో పోటీలో మేనకోడలు కాళ్ళీడ్చుకుంటూ ఆడి కడపటి స్థానంలో ముగించి ఉన్నా, ఈ క్షణాన ఒక పాయింటు పైన కూర్చుని ఉండేది. ఎవరు పడాలో, ఎవరు లేవాలో చూసుకోవలసిన గతి పట్టేది కాదు.

పెన్సిలు మొన పుటుక్కున విరిగింది. జేబులో ఫోను మోగింది.

"ఒరేయ్ తమ్ముడూ," అంది అక్క. మేనకోడలి తల్లి. "ఈ కంప్యూటరులో ఎర్రగీత కింద చూపిస్తోందిరా దాన్ని. కింద అంటే మంచిదా?"

"కాదక్కా. పైన ఉండాలి."

"మరి పైకి తొయ్యరేం?"

"మన ఆట అయిపోయిందక్కా. ఇక వేరేవాళ్ళ ఆటను బట్టి ఉంటుంది."

"ఇదెక్కడి చోద్యంరా! మన పిల్ల సంగతి ఎవరో ఆడి తేల్చడమేంటి? నేను పొద్దున్నుంచీ కుర్చీలోంచి లేవలేదు. లేస్తే కిందికి జారిపోతుందేమోనని భయం. మీ బావ కాఫీ తెస్తే కసిరాను. అది సరేగాని, చెయ్యెలా ఉంది దానికి?"

ఆయన విరిగిన పెన్సిలును జేబులో వేసుకున్నారు. "బాగానే ఉంది."

"బాగానే ఉంది, బాగానే ఉంది. నాలుగు నెలలుగా ఇదే పాట. నీకు ఏం తెలుస్తుందిలే, నీ చెయ్యి కాదుగా." అని అక్క ఫోను పెట్టేసింది.

*

కేడీల గది వెనకనున్న లాండ్రీ గోడ పక్కన ఒక బల్ల ఉంది. ఎండ తగలదు, లోపల తువ్వాళ్ళు ఆరబెట్టే యంత్రం గుర్రు మాత్రం ఆగకుండా వినిపిస్తుంది. తెర చూడలేనని మేనకోడలు అక్కడికి వచ్చి కూర్చుంది. ఆయన పక్కన కూర్చున్నారు. కూర్చునేటప్పుడు కుడికాలు ముందుకు చాచుకోవడం ఈ మధ్య ఆయన అలవాటు. అడిగితే బద్ధకం అంటారు.

"చెప్పకు," అంది ఆమె. "ఎంత తేడానో చెప్పకు."

"చెప్పను."

"ఒకటిన్నర. సంతకం చేస్తుంటే అక్కడ కూర్చున్నావిడ చెప్పేసింది. జాలిగా చెప్పింది మామయ్యా, అదే ఒళ్ళు మండింది." ఆమె బూటు మొనతో గడ్డిపోచను రాసింది. "ఒకటిన్నర. నాకు వెంటనే ఏం గుర్తొచ్చిందో తెలుసా? ఆ కొండ. రెండున్నర పాయింట్లు. ఆ ఒక్కరోజు పళ్ళు బిగించుకుని తొంభై దెబ్బలు కొట్టినా సరిపోయేది. ఎడంచేత్తో ఆడినా సరిపోయేది. నేనే కదా ఆగిపోయింది."

"నేనే కదా చెప్పింది తప్పుకోమని."

"నువ్వు నా మంచికే చెప్పావు. నొప్పి నాది, నిర్ణయం నాది." పట్టీ అంచును వేలితో సరిచేసుకుంటూ, ఏదో మామూలు సంగతి చెప్పినట్టుగా అంది: "ఎల్లుండికి డాక్టరు దగ్గర చెప్పి ఉంచాను. అమ్మకు చెప్పలేదు, నీకూ చెప్పలేదు. ఈ సీజను ఇక్కడితో ఆగిపోతే నేరుగా అక్కడికే. లోపల ఇంజెక్షన్లు ఇచ్చి, మూడు నెలలు కట్టు కడతారట. అప్పటికీ లాభం లేకపోతే కోసి చూస్తారట. నాకు ఈ చేతి మీద నమ్మకం పోయింది మామయ్యా. గడ్డిలో బంతి పడితే చాలు, గట్టిగా కొట్టడానికి గుండె రాదు. ఆ కొండ నుంచీ ఇంతే."

రెండున్నర పాయింట్లు పోయాయన్న లెక్క ఒక్కటే ఇన్నాళ్ళూ ఆయనను తొలిచింది. పుస్తకంలో ఆయనే రాసుకున్న సంగతులు మరికొన్ని ఇప్పుడు వరుసగా కళ్ళముందు నిలిచాయి. పన్నెండో పోటీలో గడ్డిలోంచి జెండా వైపు కొట్టగలిగిన బంతిని పక్కకు నెట్టుకుంది. పద్నాలుగో పోటీలో రెండుసార్లు. పదిహేడులో లెక్కలేదు. ఆయన వాటి పక్కన 'జాగ్రత్తగా ఆడినది' అని రాసుకున్నారు. అది జాగ్రత్త కాదు, భయం. ఆ భయాన్ని ప్రతి ఉదయం తన చేతులతోనే ఆమె మణికట్టుకు బిగించి కడుతున్నారు.

కేడీల గదిలోంచి ఒక్కసారిగా "అయ్యో" అన్న కేక వినిపించింది. ఇద్దరూ తలలెత్తారు. ఎవరి కోసం ఆ అయ్యో అన్నది తెలియలేదు. జేబులో ఫోను మోగింది. అక్కే. ఆయన తీయలేదు. మోగి మోగి ఆగింది.

ఇంకో పావుగంట ఆగితే చాలునని ఆయన లోపలి మనిషి అన్నాడు. పొడుగమ్మాయి రెండు దెబ్బలు పోగొట్టుకుంటే మేనకోడలు గీత దాటుతుంది, డాక్టరు దగ్గరకు వెళ్ళదు, పట్టీని నెమ్మదిగా ఏదో ఒక సాకుతో మాన్పించవచ్చు. ఎవరికీ ఏమీ చెప్పవలసిన పని ఉండదు. మాట సబబుగానే ఉంది. అయితే ఆయన పనిచేసిన ఆఫీసులో ఒక నియమం ఉండేది. భూమి కొలిచే గొలుసు నేల మీద ఉండగానే కొలత పుస్తకంలోకి ఎక్కాలి. ఇంటికి వెళ్ళి, మొత్తం కూడి చూసుకుని, కుదిరేలా రాసిన అంకెను ఎవరూ కొలత అనరు. అలా రాసిన కుర్రకారును ఆయన ఎందరినో నలుగురిలో నిలబెట్టి కడిగేసినవారు.

"అమ్మాయ్," అన్నారు. "నీ చేతికి ఏం లేదు."

"ధైర్యం చెప్పకు మామయ్యా."

"ధైర్యం కాదు. విను. ఆ రోజు పోయింది నీ చెయ్యి కాదు, నా మోకాలు." ఆయన వంగి ప్యాంటు కాలు పైకి లాగారు. కింద బూడిదరంగు పట్టీ. ఆమె మణికట్టు మీది పట్టీకి అన్నలా ఉంది. "పన్నెండో హోల్ దగ్గర పోయింది. మర్నాడు ఆ కొండ ఎక్కలేనని తెలుసు. నువ్వు ఆడితే బ్యాగు ఇంకొకడికి ఇవ్వాలి. ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వు చెయ్యి పట్టేసిందన్నావు, దాన్ని పట్టుకున్నాను. అంతే. నీ నొప్పి మర్నాటికే పోయుండేది. నేను పోనివ్వలేదు."

మేనకోడలు ఆ మోకాలి వైపే చూస్తోంది.

"ఎన్నాళ్ళ నుంచి కడుతున్నావు అది?"

"అప్పటి నుంచీ."

"నాకు కట్టి, నువ్వు కట్టుకుని."

"ఊఁ."

"పొద్దున్న నాకు కట్టేటప్పుడు రోజూ ఏమనుకునేవాడివి?"

ఆయన ప్యాంటు కాలు కిందికి దించుకున్నారు.

"మామయ్యా, రాత్రిళ్ళు చెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుంటున్నాను నేను. పళ్ళు తోముకోవడం ఎడంచేత్తో నేర్చుకున్నాను. నలుగురితో కరచాలనం మానేశాను, పొగరనుకుంటున్నారు." ఆమె గొంతు పెరగలేదు, పెరిగితే ఆయనకు కొంత తేలికగా ఉండేది. "రెండున్నర పాయింట్లు పోతే పోయాయి. నా చెయ్యి నాది కాకుండా చేశావు. ఒక్క మాట చెప్పుంటే ఆ రోజుకి ఎవర్నో పెట్టుకునేదాన్ని. సోమవారం నీ బ్యాగు నీకిచ్చేదాన్ని. ఇవ్వననుకున్నావా?"

"అనుకున్నాను."

"ఆ అనుకున్నావు చూశావూ, మిగతా అంతా ఒక ఎత్తు, అదొక ఎత్తు."

ఫోను మళ్ళీ మోగింది. ఈసారి ఆమే చెయ్యి చాచి ఆయన చొక్కా జేబులోంచి లాక్కుంది. కుడిచెయ్యి.

"అమ్మా, తర్వాత... ఏంటీ? మెల్లగా చెప్పు... ఎవరు నీళ్ళలో పడ్డారు? ... మనిషా, బంతా? ... అమ్మా, ఏడవకుండా చెప్పు. గీతకు పైనా, కిందా?"

అక్క గొంతు ఆయనకు కూడా వినబడింది. పదహారో హోల్‌లో ఒక దెబ్బ పోయింది, ఇందాకటి 'అయ్యో' దానికే. ఇప్పుడు ఆఖరి హోల్‌లో పొడుగమ్మాయి బంతి చెరువులో పడింది. దాని తర్వాత ఆమె ఇంకా కొట్టాలి. మేనకోడలు ఫోనును చెవికి అదుముకుని లేచి నిలబడింది. ఆయనా లేవబోయి బల్ల అంచు పట్టుకున్నారు. ఆ రెండు నిమిషాలూ ఆయన ఎదుటివారి ఓటమిని కోరుకోకుండా ఉండడానికి పట్టుబట్టి ప్రయత్నించారు. నెగ్గలేదు.

"పైన," అంది మేనకోడలు చివరికి. "అరవై. పాయింటులో అయిదోవంతు తేడా... అవునమ్మా, పైనే ఉండాలి. ఇప్పుడు కుర్చీలోంచి లేవచ్చు నువ్వు."

ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. మరో పది నిమిషాలు నోరు కట్టేసుకుని ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఆయన అందుకు పశ్చాత్తాపపడుతున్నారా అని ఆమె ఒక్కసారి తేరిపార చూసింది. ఏం కనబడిందో గాని, బల్ల మీద కూర్చుని పట్టీ అంచు పట్టుకుని చర్రున లాగేసింది. కింద చర్మం తెల్లగా పాలిపోయి ఉంది. వేళ్ళు ముడిచి, విప్పి, మణికట్టు గుండ్రంగా తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"వచ్చే వారం ప్లే-ఆఫ్ మైదానం ఎలాంటిది?"

ఆయన అలవాటుగా పుస్తకం తెరవబోయి మానుకున్నారు. తెరవనక్కరలేదు. "ఎత్తుపల్లాలే. మొదటి తొమ్మిదిలో నాలుగు మెట్టలు. పద్నాలుగోది నిలువు."

"మొయ్యగలవా?"

నాలుగు నెలల్లో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడగకుండా ఉండడానికే కదా ఇంత చేశారు.

"లేను," అన్నారు.

"సరే." ఆమె ఒక నిట్టూర్పు విడిచింది. "పొడుగమ్మాయి సీజను అయిపోయింది. అంటే గొడుగు ఖాళీ. వాణ్ణి నాకు మాట్లాడు."

గొడుగు అంటే పొడుగమ్మాయి కేడీ. వాన ఉన్నా లేకున్నా గొడుగు విప్పుకుని తిరుగుతాడని ఆ పేరు. ఇరవై ఏళ్ళు బ్యాగులు మోసిన గట్టివాడు.

"నేనా?" అన్నారు సర్వేయరు.

"నువ్వే. ఎందుకు కావాలో కూడా నువ్వే చెప్పు. నా చెయ్యి వంక పెట్టకుండా చెప్పు." రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మోకాలు డాక్టరుకు చూపించు. ఎల్లుండి నా పేరు మీద ఒక అపాయింట్‌మెంటు ఖాళీగా ఉంది, వెళ్ళు. ఆయన ఎముకల డాక్టరే, ఏ ఎముకైనా చూస్తాడు."

అది వేళాకోళమో, క్షమో, రెండూ కాదో ఆయనకు తెలియలేదు. ఆమె నవ్వలేదు.

*

కార్లు నిలిపే చోటికి పాతిక మెట్లు దిగాలి. ఇన్నాళ్ళూ ఆయన ఏ ఊళ్ళోనైనా మెట్లు ఎవరైనా చూస్తుంటే పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ నెమ్మదిగా దిగేవారు. ఎవరూ లేకపోతే పక్కవాటుగా దిగేవారు. ఇప్పుడు గొట్టపు కమ్మీని రెండు చేతులా పట్టుకుని, ఒక్కొక్క మెట్టు మీద రెండు కాళ్ళూ ఆనించి దిగారు. ఇద్దరు కేడీలు ఎదురొచ్చి పక్కకు తప్పుకున్నారు.

గొడుగు కారు వెనక తలుపు తెరిచి పెట్టెలు సర్దుతున్నాడు. గొడుగు మడిచి ఉంది. పొడుగమ్మాయి ముందు సీటులో కూర్చుని కిటికీ అద్దం పైకెత్తేసుకుంది.

"రండి సర్వేయరు గారూ," అన్నాడు గొడుగు తల ఎత్తకుండానే. "శుభాకాంక్షలు. మా బంతి నీళ్ళు తాగింది, మీ పంట పండింది."

"గాలి మోసం చేసింది."

"గాలేం చెయ్యలేదు. నేనే దూరం చాలని క్లబ్బు చేతికిచ్చాను." అతను పెట్టె మూత గట్టిగా నొక్కాడు, అది పడలేదు. "ఆ మాట ఇప్పుడే ఆవిడకి చెప్పేశాను. కిటికీ చూశారుగా, మూసేసింది."

సర్వేయరు ఆ కిటికీ వైపు చూశారు. అతను నిమిషంలో చెప్పేసిన దానికి తనకు నాలుగు నెలలు పట్టింది.

"నీతో ఒక పని పడింది," అన్నారు చివరికి. "మా అమ్మాయికి వచ్చే వారం నుంచి బ్యాగు మొయ్యాలి. ప్లే-ఆఫ్ అయ్యేదాకా."

గొడుగు ఇప్పుడు తల ఎత్తాడు. "మీకేమైంది? మీరుండగా నేనెందుకు?"

"మోకాలు పోయింది."

"ఇవాళా?"

"కాదు," అన్నారు. "పదకొండో పోటీలో."

గొడుగు ఆయనను ఎగాదిగా చూశాడు. ఇరవై ఏళ్ళ కేడీకి ఆ అంకె వింటే మిగతా కథంతా ఎవరూ చెప్పనక్కరలేదు. పదకొండో పోటీలో ఎవరు తప్పుకున్నారో, ఎవరి చేతికి పట్టీ పడిందో అతనికి గుర్తుంది. ముఖంలో ఏదో కదిలింది. మూసిన కిటికీ వైపు ఒకసారి చూశాడు. ఆ రెండున్నర పాయింట్లు అప్పుడే పడి ఉంటే ఈ మధ్యాహ్నం ఇలా ఉండేది కాదని అతను కూడా లెక్క వేసుకుంటున్నాడేమో. వేసుకుంటే ఆ లెక్క ఎటు తేలిందో ఆయనకు తెలియలేదు.

"మీరు ఘటికులు సర్వేయరు గారూ," అన్నాడు మెల్లగా. అది మెచ్చుకోలు కాదు. పెట్టె మూత మీద మోచెయ్యి వేసి బలంగా అదిమాడు. ఈసారి పడింది. "పుస్తకం ఇస్తారా, లేక నన్నే కొలుచుకోమంటారా?"

ఆయన జేబులోంచి పుస్తకం తీశారు. చేతిలో ఒక క్షణం ఉంచుకున్నారు, ఇచ్చారు. గొడుగు అక్కడే నిలబడి మొదటి నుంచి తిప్పడం మొదలుపెట్టాడు. పన్నెండో పోటీ దగ్గర వేలు ఆగింది.

"గడ్డిలోంచి ఆ పిల్ల ఏడో నంబరు ఐరన్ క్లబ్బుతో ఎంత దూరం కొడుతుంది? ఇక్కడ నూట ఇరవై గజాలని రాశారు, ఆ కొండకు ముందు నూట నలభై ఉంది. ఏది నిజం?"

"నూట నలభై," అన్నారు సర్వేయరు. "ఆ కొండ తర్వాతవన్నీ కొట్టెయ్యి. పెన్సిలు ఉందా? నాది విరిగింది."